చిగురుటాకులోని 'ట' ఎక్కడిది? రెండు మాటల నడుమ చేరే అక్షరాల గురించి

ప్రశ్న – పలకబలపం

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. ప్రస్తుతం పదవ తరగతికి ఆగమ సంధులు చెబుతున్నాను. టుగాగమం, రుగాగమం, నుగాగమం అన్న వరుసలో సూత్రాలూ ఉదాహరణలూ పిల్లలకు కంఠతా వచ్చేశాయి. నల్లబల్ల మీద 'చిగురు + ఆకు' అని రాయడం ఆలస్యం, 'చిగురుటాకు, టుగాగమ సంధి' అని తరగతి అంతా ఒక్క గొంతుతో అంటోంది. చిక్కు ఆ తరువాత వచ్చింది. ఒక అమ్మాయి లేచి, "చిగురులో ట లేదు, ఆకులో ట లేదు, మరి ఆ ట ఎక్కడి నుంచి వచ్చిందండీ?" అని అడిగింది. ఆగమం అంటే వచ్చి చేరేది అని పుస్తకంలో ఉంది. అయితే అది పేరు పెట్టడమే గాని కారణం చెప్పడం కాదు.

ఆ ప్రశ్న మొదలయ్యాక మిగిలినవారూ అందుకున్నారు. నిలువుటద్దం అంటున్నప్పుడు నిలువుటగీత అని ఎందుకు అనము? పల్లెటూరు అంటాము గదా, పల్లెటపాట అని ఎందుకు లేదు? కలెక్టరు, ఆఫీసు కలిస్తే కలెక్టరాఫీసే అవుతుంది, కలెక్టరుటాఫీసు ఎందుకు కాదు? ఇంటిపని, కంటిచూపు అన్న మాటల్లోని 'టి'కీ ఈ 'ట'కూ చుట్టరికం ఏమైనా ఉందా? ఇంత శ్రద్ధగా అడిగిన పిల్లలకు 'సూత్రం అలా ఉంది' అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

ఈ నడిమి అక్షరాలకు సొంతంగా అర్థం ఉందా, లేక రెండు అచ్చులు ఢీకొనకుండా నోటికి వీలుగా వచ్చి చేరినవేనా అన్నది నాకు మొదట తేలవలసిన విషయం. వీటిలో ఏవి ఇప్పటికీ కొత్త మాటల్లో పనిచేస్తున్నాయి, ఏవి పాతమాటల్లోనే ఉండిపోయాయి అన్నది కూడా వివరించగలిగితే, సూత్రాన్ని పక్కన పెట్టి ముందు మాటలనే పిల్లల ముందు పరుస్తాను. పరీక్షకు కావలసినంత మేరకు సమాధానం నా దగ్గర ఉంది. నేను అడుగుతున్నది అంతకు మించిన సంగతి.

సమాధానం – తాటాకు

పలకబలపం గారికి నమస్కారం. పిల్లలు అడిగిన ప్రశ్నల్లోనే సగం సమాధానం ఉంది. చిగురుటాకు ఉంది, చిగురుటకొమ్మ లేదు. నిలువుటద్దం ఉంది, నిలువుటగీత లేదు. పల్లెటూరు ఉంది, పల్లెపడుచు దగ్గర ట లేదు. అంటే రెండో మాట అచ్చుతో మొదలైతేనే ట కనిపిస్తుంది, హల్లుతో మొదలైతే కనిపించదు. ఇప్పుడు ఇంటిని చూడండి. ఇంటిపని, ఇంటిపేరు, ఇంటిగడప అన్నప్పుడు హల్లు ముందు టి ఉంది. ఇంటాయన, ఇంటావిడ అన్నప్పుడు అచ్చు ముందు కూడా ట ఉంది, దాని మీది ఇకారం మాత్రమే లోపించింది. ఈ ఒక్క పరీక్షతో రెండు జాతులు విడిపోతాయి. మొదటి జాతి అచ్చు వస్తే తప్ప బయటపడనిది. రెండవది తరువాత ఏ అక్షరం ఉన్నా వదలనిది.

చిన్నయసూరి కూడా వీటిని ఒకే గాటన కట్టలేదు. బాలవ్యాకరణంలో టుగాగమం వేరు. ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలు వేరు. ఔపవిభక్తికం అంటే విభక్తి చేరబోయే ముందు నామం తాల్చే రూపానికి కారణమైన అక్షరం. ఊరు అన్నది ఊరికి, ఊరిలో, ఊరివాడు అవుతుంది. ఇల్లు ఇంటికి, ఇంట్లో, ఇంటివాడు అవుతుంది. రాయి రాతికి, రాతిగోడ అవుతుంది. నెయ్యి నేతిగారె అవుతుంది, నుయ్యి నూతిగట్టు అవుతుంది. కాబట్టి ఇంటిపనిలోని 'టి' రెండు మాటలను అతకడానికి ఆ క్షణంలో వచ్చింది కాదు. అది ఇల్లు అనే మాటకే ఉన్న రెండో రూపం. ఇంటికి, ఇంటితో అన్నప్పుడు ఏ రూపం వస్తుందో, ఇంటిపని అన్నప్పుడూ అదే వస్తుంది. దానికి అర్థం ఉందా అంటే ఉంది: 'ఈ మాట తన కోసం నిలబడటం లేదు, తరువాతి మాటకు సంబంధించినది' అని చెప్పడమే దాని పని. 'ఇల్లు కొన్నాను' అన్నప్పుడు అది అవసరం లేదు, 'ఇంటి తాళం' అన్నప్పుడు అవసరం.

పాతదనం సంగతి కూడా పిల్లలకు చెప్పండి. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన, సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనంలో 'చిఱుంబూరి' అన్న రూపం ఉంది. ఊరు ఊరి అయ్యే పద్ధతి, మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల నాటికే స్థిరపడి ఉంది.

మువర్ణకం, అంటే నామం చివర ఉండే ము, మీద వచ్చే పు, ంపులు ఇంకొక రకం. సరసము, మాట కలిస్తే సరసపుమాట లేదా సరసంపుమాట అవుతుంది. ఇక్కడ పు పక్కన వచ్చి చేరలేదు, ము లేచిపోయి దాని స్థానంలో కూర్చుంది. 'మిత్రవదాగమః, శత్రువదాదేశః' అని మన పండితులు చెప్పే మాట పిల్లలకు బాగా పనికివస్తుంది. ఆగమం స్నేహితుడిలా వచ్చి ఎవరినీ కదపకుండా పక్కన కూర్చుంటుంది, ఆదేశం శత్రువులా ఉన్నవారిని లేపి ఆ చోటు ఆక్రమిస్తుంది. ఆ లెక్కన గుర్రపుబండి, సముద్రపుటొడ్డు, కాగితపుపడవ అన్నవాటిలోని పు ఆగమం కాదు, ఆదేశం.

సముద్రపుటొడ్డు అన్న మాటను ఒకసారి దగ్గరగా చూడండి. సముద్రము అన్నదానిలో ము పోయి పు వచ్చింది. ఆ పు చివర ఉకారం ఉంది. దాని తరువాత ఒడ్డు అనే అచ్చు మాట వచ్చింది. అప్పుడు నడుమ ట చేరింది. ఒకే అతుకులో ఒక ఆదేశం, ఒక ఆగమం వరుసగా పనిచేశాయి. మధ్యాహ్నపుటెండ, ఇల్లరికపుటల్లుడు, సరసపుటాలోచన అన్నవి కూడా ఇలాంటివే. ట ఎప్పుడు వస్తుందో చూపడానికి చిగురుటాకు కంటే ఇవి మంచి ఉదాహరణలని నా అభిప్రాయం, ఎందుకంటే అదే పు మీద హల్లు వస్తే ట రాకపోవడం పిల్లలకు వెంటనే కనబడుతుంది: మధ్యాహ్నపుటెండ, మధ్యాహ్నపు నిద్ర.

ఇక ఏవి బతికి ఉన్నాయన్న ప్రశ్న. దీనికి అన్యదేశ్యాలను, అంటే పరభాషల నుంచి వచ్చిన మాటలను, మించిన పరీక్ష లేదు. కాలు కాలి అవుతుంది, వేలు వేలి అవుతుంది, కాని స్కూలు స్కూలి కాదు, జైలు జైలి కాదు. ఊరి చెరువు అంటాము, కారి డ్రైవరు అనము. అంటే ఇ, టి, తి చేరే నామాల పట్టీ ఎప్పుడో మూతపడింది. అందులో ఉన్నవి ఉన్నాయి, కొత్తవి చేరడం లేదు. టుగాగమం సంగతీ అంతే. కలెక్టరాఫీసు, డాక్టరమ్మ, టీచరమ్మ అన్నచోట ఉత్వసంధి మాత్రమే జరుగుతోంది. మీ విద్యార్థి కలెక్టరాఫీసును ఉదాహరణగా తేవడం ఎంతో బాగుంది.

పు విషయం మాత్రం అంత సులువుగా తేలదు. కాగితం, దుకాణం, మైదానం అన్నవి పారసీకం, అరబ్బీల వైపు నుంచి వచ్చినవే అయినా కాగితపుపూలు, దుకాణపుమెట్లు, మైదానపుప్రాంతం అని నిస్సంకోచంగా అంటాము. ఐస్‌క్రీం, ఫారం అన్నవి కూడా చెవికి సున్నాతోనే ముగుస్తాయి, కాని ఐస్‌క్రీం బండిని ఎవరూ ఐస్‌క్రీపు బండి అనరు, ఫారం కోడిని ఫారపు కోడి అనరు. ముందు వచ్చిన అతిథులు అమహత్తు నామాలకు (పురుషులను తెలపని మాటలకు) వచ్చే ముప్రత్యయం తగిలించుకుని మన నామాలతో కలిసిపోయారు. ఇంగ్లీషు మాటల్లో చివరి మకారం ఆ మాటదే గాని మన ప్రత్యయం కాదు గనుక దానిని లేపి పు కూర్చోబెట్టే వీలు లేదు.

తప్పక చూపవలసిన జంటలు మరికొన్ని ఉన్నాయి. చేయి అన్న మాటకు సమాసాల్లో రెండు రూపాలు కనిపిస్తాయి. చేనేత, చేవ్రాలు, చేదోడు అన్నప్పుడు నడుమ ఏమీ లేదు, ధాతుప్రాయమైన చే ఒక్కటే నిలబడింది. చేతిరాత, చేతిసంచి, చేతిగడియారం, చేతిపంపు అన్నప్పుడు తి వచ్చింది. కొత్తగా ఇళ్ళలోకీ వీధిలోకీ వచ్చిన వస్తువులకు చేతి అన్న రూపమే వచ్చిందని గమనించండి. కన్ను కూడా ఇంతే. కన్నీరు, కనుబొమ్మ, కనురెప్ప అన్నవి పాత పద్ధతిలో అతికినవి. కంటి డాక్టరు, కంటి ఆపరేషను అన్నవి తరువాతివి. ఒక్కొక్కసారి రెండూ నిలిచి అర్థాలు పంచుకుంటాయి. 'కనుచూపు మేరలో ఇల్లు లేదు' అంటాము, 'తాతగారికి కంటిచూపు తగ్గింది' అంటాము. మొదటిది చూపు ఆనే దూరం, రెండవది చూడగల శక్తి. ఈ రెండింటినీ తారుమారు చేసి వాక్యం రాయమంటే తేడా పిల్లలే పట్టుకుంటారు.

సమాధానం – మానేరు

తాటాకు గారు చెప్పినదాంట్లో అధికభాగం నాకు సమ్మతమే గాని, అచ్చు ముందు వచ్చే ట పూర్తిగా పాతమాటల్లో గడ్డకట్టిపోయిందన్న అభిప్రాయం వచ్చేలా ఉంది. అది మన అందరి నోళ్ళలో రోజూ పలుకుతోంది. వచ్చేటప్పుడు, తినేటప్పుడు, వెళ్ళేటట్లు, సరిపోయేటంత అన్న మాటలను విడదీసి చూడండి. వచ్చే, అప్పుడు అన్న రెండు మాటల నడుమ ట ఎక్కడిది? 'వచ్చే రోజు', 'వచ్చే బస్సు' అన్నప్పుడు లేదు. 'వచ్చినప్పుడు' అన్నప్పుడు కూడా లేదు. పైన చెప్పిన పరీక్ష ప్రకారం ఇది అచ్చు ముందు మాత్రమే కనిపించే ఆగమంలా ఉంది. దీని పేరు పాఠ్యపుస్తకంలోని ఆగమ సంధుల్లో కనిపించదు. పిల్లలు మాత్రం బడికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దీనినే వాడుతున్నారు.

అయితే నేను పుట్టి పెరిగిన కరీంనగరం ప్రాంతపు మాట తెలిసినవారికి ఈ ట పుట్టుక మరుగుపడలేదు. మా వైపు పోయేటోడు, చేసేటోళ్ళు, చదివేటోళ్ళు అంటారు. చదివేవాళ్ళు అన్నదానిలో వకారం పోయి ఓళ్ళు అయినప్పుడు ట బయటపడింది. అంతటితో ఆగితే ఇది కూడా అచ్చు కోసం వచ్చిన ఆగమమే అనుకోవచ్చు. కాని మా పెద్దవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు హల్లు ముందు కూడా 'వచ్చేటి బండి', 'చేసేటి పని', 'పోయేటి తొవ్వ' అంటారు. అంటే చేసేటి అన్నది పూర్తి రూపం. దానిమీద అప్పుడు చేరి ఇకారం లోపిస్తే చేసేటప్పుడు వచ్చింది. హల్లు ముందు ఆ టి అరిగిపోయి చేసే మిగిలింది. అచ్చు ముందు మాత్రం దానికి ఆసరా దొరికి ట నిలిచింది.

గ్రాంథికంలో దీనికి దాపున నిలిచేది ఎడి. పోతన గారి పద్యంలోని పలికెడిది, పలికించెడివాడు అన్న రూపాలు అందరికీ నోటికి వచ్చినవే. ఆ ఎడి, మా ఏటి, చేసేటప్పుడులోని ట ఒకే కుదురులోనివని నేను నమ్ముతున్నాను. ఇలా చూస్తే ఆ అమ్మాయి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవచ్చు. కనీసం ఈ మాటల్లోనైనా ట ఎక్కడి నుంచో రాలేదు. అది మొదటి మాట తోకే. మాట అరిగినచోట తోక పోయింది, అచ్చు అడ్డుపడినచోట మిగిలింది. మిగిలినదానిని తరువాతివాళ్ళు ఆగమం అనుకోవడానికి అవకాశం కలిగింది.

మరొక చిన్న విషయం. ఇప్పటి, నిన్నటి, మొన్నటి, రేపటి, కిందటి, వెనకటి అన్న మాటల్లో టి ఇంకా బలంగా ఉంది. ఇవాళ అన్నదానికి ఇవాళ్టి అని అలవోకగా అంటున్నాము. కాలాన్నీ చోటునూ తెలిపే మాటల దగ్గర ఇది చురుకుగానే ఉందని గుర్తించాలి.

సమాధానం – మద్రాసు తెలుగు

మేము చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్ళం. బడిలో తమిళ వ్యాకరణం చదువుకున్నాను గనుక ఆ వైపు నుంచి కనిపించే సంగతి చెప్పాలనిపించింది. తమిళంలో ఈ నడిమి అక్షరాలకు ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. వాటిని సారియై అంటారు. ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియం నాటికే ఇన్, అత్తు, అమ్, అన్ మొదలైనవాటిని ఒక జాబితాగా చెప్పారు. మరం అంటే చెట్టు. దానికి విభక్తి చేరితే మరత్తు అన్న రూపం మీద చేరుతుంది. ఈ అత్తును వారు మరం అన్న మాటలో భాగం అనరు, విభక్తిలో భాగం అనరు. రెండింటి నడుమ నిలిచే అక్షరసముదాయంగా వేరే గుర్తింపు ఇచ్చారు. మన ఔపవిభక్తికాలను, ఆగమాలను, పుంపులను పక్కపక్కన పెట్టి చూడటానికి అలాంటి ఒక్క పేరు మన బడిపుస్తకాల్లో లేకపోవడం వల్లనే పిల్లలకు ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని సూత్రాలుగా కనిపిస్తున్నాయని నా ఊహ.

పలకబలపం గారు న గురించి విడిగా అడగలేదు గాని దానికి అంకెల కంటే మంచి నిదర్శనం లేదు. ఇప్పుడు మనం పదహారు, పదిహేడు అంటున్నాము. పాత తెలుగులో ఇవి పదునాఱు, పదునేడు. తమిళంలో పదినాఱు, పదినేళు. కన్నడంలో హదినారు, హదినేళు. మూడు భాషల్లోనూ పదికీ ఆరుకూ నడుమ, పదికీ ఏడుకూ నడుమ నకారం ఉంది. ఎవరికి వారు నోటి వీలు కోసం తెచ్చుకున్న అక్షరమైతే ముగ్గురికీ ఒకే అక్షరం తట్టడం కష్టం. అందువల్ల ఇది మూడు భాషలూ వేరుపడక ముందు నుంచీ ఉన్నదనీ, పది అన్న మాటకు ఇన్ అన్న సారియై చేరగా ఏర్పడిన పాత రూపమనీ అనుకోవడం సబబు. రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో వెలువరించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో విభక్తులకు ముందు చేరే ఇలాంటి అక్షరాలను ఈ భాషలన్నిటిలోనూ పోల్చి చూశారు. ఒక భాషలో గుడ్డిగా కనిపించిన అక్షరం పొరుగు భాషలో కళ్ళు తెరుస్తుందని ఆ పద్ధతి నేర్పింది.

ఇందులో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది, తరువాత మన నోట పదునాఱులోని న పోయి పదహారులో హ రావడం. అదే చోటు, అదే రెండు అచ్చుల నడుమ, కాని అక్షరం మారింది. పాతది అర్థం ఉన్న ప్రత్యయపు మిగులు. కొత్తది మాత్రం నిజంగానే అచ్చులను విడదీయడానికి వచ్చిన శబ్దం. మా అమ్మను మాయమ్మ అనడంలోని య, మా ఊరిని మావూరు అనడంలోని వ ఈ కొత్త హకారానికి తోటివి. కాబట్టి 'అర్థం ఉందా, నోటి వీలా' అన్న ప్రశ్నకు ఒకటే జవాబు ఉండదు. ఏ అక్షరానికి ఆ అక్షరాన్ని విచారించాలి.

నూరు నూట కావడం కూడా ఈ కోవలోనిదే. పెళ్ళిలో చదివించే నూటపదహార్లలో ఒకే మాటలో ఔపవిభక్తికరూపమూ ఉంది, హకారపు అతుకూ ఉంది.

పలకబలపం

అందరికీ కృతజ్ఞతలు. నూటపదహార్లను రేపే తరగతిలో ఉదాహరణగా పెడతాను. రుగాగమం గురించి మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు. పేద, ఆలు కలిసి పేదరాలు. ధీర, ఆలు కలిసి ధీరురాలు. ఈ ర ఆలు ముందు తప్ప ఇంకెక్కడా రాదు. ఒక్క మాట ముందు మాత్రమే వచ్చేదానిని ఆగమం అనడం న్యాయమేనా?

సమాధానం – రైనుతీరం

నేను జర్మనీలో ఉంటున్నాను. మీరు అడిగిన 'న్యాయమేనా' అన్న ప్రశ్న ఇక్కడి భాషలో కూడా ఉంది గనుక ముందు దాని గురించి చెబుతాను. జర్మన్ భాషలో మాటలను కలిపి పెద్ద మాటలు కట్టడం మామూలు సంగతి. వాటి నడుమ చేరే అక్షరాలను ఫూగెన్ఎలెమెంట్ అంటారు. ఫూగె అంటే రెండు పలకలు కలిసే అతుకు. పనిచేసుకునే గదిని ఆర్బైట్స్‌ట్సిమ్మర్ అంటారు. ఆర్బైట్ అంటే పని, ట్సిమ్మర్ అంటే గది, నడుమ ఎస్ చేరింది. పుంలింగ, నపుంసక నామాలకు షష్ఠిలో ఎస్ రావడం ఆ భాషలో ఉన్నదే గనుక ఇదీ షష్ఠే అనుకోవడం సహజం. కాని ఆర్బైట్ స్త్రీలింగం. దానికి షష్ఠిలో ఎస్ రానే రాదు. ప్రేమలేఖను లీబెస్‌బ్రీఫ్ అన్నప్పుడూ ఇదే పరిస్థితి. ఒకప్పుడు కొన్ని మాటల్లో షష్ఠిగా ఉన్న ఎస్, తరువాత అర్థాన్ని వదిలిపెట్టి అతుకుగా మిగిలి, తనకు హక్కు లేని మాటలకు కూడా పాకింది. ప్రాంతాన్ని బట్టి తేడాలు కూడా వస్తాయి. కాల్చిన పందిమాంసాన్ని జర్మనీలో చాలాచోట్ల ష్వైనెబ్రాటెన్ అంటే, ఆస్ట్రియాలోనూ బవేరియాలోనూ ష్వైన్స్‌బ్రాటెన్ అంటారు. మనలో కొందరు తాడిచెట్టు అనడం, కొందరు తాటిచెట్టు అనడం నాకు వెంటనే గుర్తుకు వస్తుంది.

ఇలా పాకే గుణం ఇతర భాషల్లోనూ చూడవచ్చు. గ్రీకు సమాసాల్లో రెండు మాటల నడుమ వచ్చే ఓ, బారోమీటరు వంటి మాటల ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ అది అలవాటై, గ్రీకుతో ఏ సంబంధమూ లేని స్పీడ్ అన్న మాటకు కూడా అతికి స్పీడోమీటరు అయింది. అది మన బండి మీదికి కూడా వచ్చి కూర్చుంది.

ఈ దృష్టితో చూస్తే రుగాగమం మీద మీకు కలిగిన అనుమానం సరైనదేనని నాకు తోస్తోంది. ఆలు ఒకప్పుడు స్వతంత్రమైన మాట. 'ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం' అన్న సామెతలోనూ, ఆలుమగలు అన్న మాటలోనూ అది ఇంకా స్వతంత్రంగానే ఉంది. ఇల్లాలు అన్నప్పుడు ర లేకుండానే అతికింది. కాని స్నేహితుడు, స్నేహితురాలు; సభ్యుడు, సభ్యురాలు; బాధితుడు, బాధితురాలు అన్న జంటలు చూసినప్పుడు, నేటి తెలుగువాడి మనసులో డు తీసి రాలు పెట్టడమే జరుగుతోంది గాని, ఆలు అన్న మాటను తెచ్చి నడుమ ర పొదగడం జరగడం లేదు. పాత అతుకు రెండో మాటతో కలిసిపోయి రాలు అనే ఒకే ప్రత్యయంగా మారింది.

సమాధానం – తాటాకు

రైనుతీరం గారి వివరణకు ఒక ఆధారం చేరుస్తాను. యజమాని అన్న మాట చివర డు లేదు, ఉకారమూ లేదు. అయినా యజమానురాలు అన్నాము. సభ్యురాలు, అధ్యక్షురాలు అన్న అచ్చులోనే పోసి ఉకారాన్ని కూడా తెచ్చాము. ఉరాలు మొత్తం ఒక్క ముక్కగా భావిస్తున్నామనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. అయితే సూరి గారి రుగాగమాన్ని దీనివల్ల తప్పుపట్టనవసరం లేదు. ఆలు వేరు మాటగా తెలుస్తున్న కాలపు తెలుగును వర్ణించడానికి ఆ సూత్రం సరిపోయింది. అది పాతరూపాల బహువచనంలో కూడా తెలుస్తుంది: ఆలుకు ఆండ్రు, ఇల్లాలికి ఇల్లాండ్రు, మనుమరాలికి మనుమరాండ్రు. ఇప్పుడు మనం మనవరాళ్ళు, బాధితురాళ్ళు అంటున్నాము.

మానేరు గారి చేసేటి గురించి నాకు అభ్యంతరం లేదు. అది నిజంగా మొదటి మాట తోకే అయి ఉండాలి. కాని అదే వివరణను చిగురుటాకుకు కూడా అన్వయించమంటే నేను వెనుకాడుతాను. చేసేటి పని అన్నట్లు చిగురుటి కొమ్మ అనో నిలువుటి గీత అనో హల్లు ముందు టి నిలిచిన రూపాలు మనకు కనబడటం లేదు. ఇప్పటి, నిన్నటి అన్నవాటిలోని టి ఒకప్పుడు ఇంకా విస్తారంగా ఉండి, దాని మిగులే చిగురుటాకులో ఉండవచ్చునని ఊహించడం బాగానే ఉంటుంది. తరగతిలో చెప్పేటప్పుడు మాత్రం అది ఊహ అనే చెప్పాలి.

ఇక పత్రికలలో రోజూ కనబడే ఒక విషయం నన్ను బాధిస్తుంది, దానినీ పిల్లల ముందుంచండి. గ్రామదేవత, ప్రభుత్వకార్యాలయం అన్నవి రెండు సంస్కృతపదాల కూర్పు గనుక ము లోపించి పు లేకుండా అతకడం వాటికి సహజం. చెరువు, బడి వంటి అచ్చతెలుగు మాట తరువాత వచ్చినప్పుడు గ్రామపు చెరువు, ప్రభుత్వపు బడి అనడం తెలుగు పద్ధతి. ప్రభుత్వ బడి, సముద్ర ఒడ్డు, గ్రామ చెరువు అని రాయడం ఇప్పుడు ఎక్కువైంది. ఇలాంటివాటిని దుష్టసమాసాలని కొట్టిపారేసేవారిలో నేను లేను. కాని పు ఒక్క అక్షరమైనా ఆ చోట అది చేసే పని ఉంది. అది లేనప్పుడు చెవికి ఆ రెండు మాటలూ ఒకదానికొకటి ఆనుకోక విడివిడిగా నిలబడినట్లుంటుంది. మాట్లాడేటప్పుడు మనం అలా చేయము. 'సముద్రం ఒడ్డున' అంటాము, లేదా 'సముద్రపొడ్డున' అంటాము. 'సముద్ర ఒడ్డున' అని నోటితో అన్నవారిని నేను వినలేదు.

వంటింట్లోకి వెళితే పు ఇంకొక వేషంలో దొరుకుతుంది. బియ్యపుపిండి అని ఎవరూ అక్షరాలు విడదీసి అనరు, బియ్యప్పిండి అంటారు. బెల్లప్పాకం, గుర్రప్పందెం కూడా అలాగే. పులోని ఉకారం లోపించి పకారం తరువాతి పకారంతో కలిసి ఒత్తుగా మారింది. గుర్రబ్బండి అన్నప్పుడైతే ఆ ప కూడా బగా మారిపోయింది, పు ఉన్నదనడానికి ఆ ద్విత్వం ఒక్కటే ఆనవాలు. మీ విద్యార్థులను వాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి మాటలు విని రాసుకు రమ్మనండి. తరువాత వాటిని ఒక్కొక్కటిగా విప్పి, నడుమ ఏ అక్షరం దాగి ఉందో, హల్లు ముందు ఏమవుతుందో, అచ్చు ముందు ఏమవుతుందో వాళ్ళ చేతనే చెప్పించండి.